పదిహేడో నంబరు తీపి

మొక్కలకి తెలుస్తుందా తెలియదా అన్నది ఎవరైనా తేల్చి చెబితే నాకు సగం బరువు దిగుతుంది, తెలియదనే అంటారు అందరూ, కానీ అలా అనేవాళ్లలో ఒక్కడు కూడా ఇరవై మూడు కుండీల్ని బండి మీద పేర్చుకుని ఉడకబెట్టడానికి తోసుకెళ్తున్నవాడు కాడు, ఈ బండికి నాలుగు చక్రాలు, మూడు నేను చెప్పినట్టు వింటాయి, నాలుగోదానికి సొంత అభిప్రాయాలున్నాయి, అది గోడవైపు లాగుతుంటే గ్రీన్‌హౌస్ నుంచి ఆటోక్లేవ్ గదిదాకా ఉన్న ఈ అరవై అడుగుల వరండాని నేను అరగంటగా దాటుతున్నాను, నాతోపాటు ఏ నత్తయినా బయల్దేరి ఉంటే ఈపాటికి అక్కడికి చేరి, పెళ్లి చేసుకుని, పిల్లల్ని స్కూల్లో కూడా వేసి ఉండేది, అడిగితే చక్రానిదే తప్పు అంటాను, చక్రం ఎదురు చెప్పదు, కుండీల్లో గడ్డి నడుమెత్తు పెరిగి నా మొహానికి తగుల్తూ ఉంది, ఒక్కో కుండీకి ఒక్కో ప్లాస్టిక్ బిళ్ల, బిళ్ల మీద నంబరు, ఒకటి నుంచి ఇరవై నాలుగు దాకా అన్నీ ఉన్నాయి, పదిహేడు ఒక్కటే లేదు, పదిహేడు గ్రీన్‌హౌస్‌లో కిటికీ పక్కన కొత్త పెళ్లికొడుకులా కూర్చుని ఉంది, దానికి చోటు కావాలని మిగతా అందరికీ ఆవిరి, జన్యువులు మార్చిన మొక్కల్ని చెత్తలో పడేయకూడదు, పూయనివ్వకూడదు, గింజ కట్టనివ్వకూడదు, అవసరం తీరిపోతే మట్టితో సహా ఉడికించి చంపాలి, అది రూలు, సంతకం పెట్టాల్సిన కాగితం నా జేబులో ఉంది, కింద పిండి మేడం సంతకం ఉంది, పైన ఖాళీలో నాది కావాలి, పెన్ను రాయట్లేదని కూడా చెప్పొచ్చు, పెన్నూ ఎదురు చెప్పదు.

పిండి మేడం అన్న పేరు నేనే పెట్టాను, ఇక్కడ సగం మందికి పేర్లు నేనే పెట్టాను, మొదటి సంవత్సరం నా ఉద్యోగం దాదాపు అదే, ఆవిడ ఎండిన కాడల్ని మరలో వేసి పొడి కొడుతుంది, ఎంత కడుక్కున్నా ఆవిడ కనుబొమ్మల్లో ఎప్పుడూ ఓ చిటికెడు గడ్డిపిండి ఉంటుంది, ఆ పేరు ఆవిడకి తెలిసినరోజు కోప్పడుతుందనుకుంటే తన కాఫీ కప్పు మీద పెద్ద అక్షరాలతో పిండి అని రాసుకుంది, అలాంటి మనిషిని ఏడిపించడం కష్టం, అందుకే నేను మరింత కష్టపడ్డాను, ఆవిడ రబ్బరు గ్లవుజుల్లో వేళ్లదాకా నీళ్లు పోశాను, కుర్చీ ఎత్తు రోజుకి ఒక్క అంగుళం చొప్పున తగ్గించుకుంటూ పోతే పదోరోజుకి ఆవిడ గడ్డం బల్లకి ఆనింది, నేను పొట్టిదాన్నయిపోతున్నానా అని నన్నే అడిగింది, వయసు మేడం అన్నాను, నేను చేసిన వేళాకోళాల వల్ల ఇంతవరకూ ఎవరూ పోలేదు, ఇద్దరు మాత్రం వేరే అంతస్తుకి మారిపోయారు, వాళ్లు ఇప్పుడు సుఖంగానే ఉన్నారని విన్నాను, ఆవిడ మారలేదు, నన్ను కోతీ అని పిలిచి పని నేర్పింది, ట్యూబు పట్టుకోవడం, కాడ కోయడం, తప్పు వచ్చినా ఆ అంకెని అలాగే రాయడం, ముఖ్యంగా ఆ ఆఖరిది, అంకె నచ్చకపోతే మొహం పక్కకి తిప్పుకోరా, అంకెని మాత్రం తిప్పకు అనేది, ఈ మాట ఇప్పుడెందుకు గుర్తొచ్చింది, వద్దు, చక్రం గురించి ఆలోచిద్దాం, చక్రానికి నూనె వెయ్యాలి.

ఈ గడ్డంతా నూనె కోసమే అని అన్నయ్య అనుకుంటాడు, వ్యాన్ నడుపుతాడు, ఆఫీసులకి వెళ్లేవాళ్లని పొద్దున దించి సాయంత్రం తీసుకొస్తాడు, ఇంటికొచ్చి షూ విప్పుతూ మొదట అడిగేది, ఏరా, మీ గడ్డి ఎప్పుడు ట్యాంకులోకి దిగుతుంది అని, వదిన లోపల్నుంచి ముందు దాన్ని నమలమను, అలవాటవుతుంది అంటుంది, నూనె కాదన్నయ్యా, గడ్డికాడలోని కణాల గోడల నిండా చక్కెర ఉంటుంది, ఆ చక్కెరని పులియబెడితే ఇంధనం, కానీ మొక్క ఆ చక్కెరని లిగ్నిన్ అనే జిగురుతో గట్టిగా అతికించి దాచుకుంటుంది, గాలికి పడిపోకుండా నిలబడాలి కదా దానికి, ఆ జిగురు వదిలించడానికి మనం దాన్ని యాసిడ్‌లో ముంచి, ఉడకబెట్టి, బతిమాలి, తిట్టి, చివరికి ఒక లీటరు తీసేసరికి పెట్రోలుకన్నా ఎక్కువ ఖర్చవుతుంది, అందుకని మేడం మొక్కలోనే చెయ్యి పెట్టింది, జిగురు తయారుచేసే జన్యువు నోరు కాస్త నొక్కింది, ఎక్కడ నొక్కాలో తెలియక ఇరవై నాలుగు రకాలుగా నొక్కింది, ఎక్కువ నొక్కితే మొక్క తాగినవాడిలా పక్కకి వాలిపోతుంది, తక్కువ నొక్కితే చక్కెర రాదు, మామూలు గడ్డిలో దాగిన చక్కెర వంద పాళ్లనుకుంటే మామూలు ఎంజైముతో నలభై బయటికొస్తుంది, అరవై వస్తే లీటరు ధర పెట్రోలు పక్కన తలెత్తుకుని నిలబడుతుంది, మూడేళ్లు ఆవిడ ఆ అరవై కోసమే తిరిగింది, పెద్దాయన ఈ నెలాఖరు దాకా టైమిచ్చాడు, పెద్దాయనంటే మా డైరెక్టరు, ఆయనకి మెడ ఉండదు, నిర్ణయాలు మాత్రమే ఉంటాయి, ఈలోగా అరవై రాకపోతే గ్రీన్‌హౌస్‌ని పక్క ల్యాబులో టమాటాల మీద పనిచేసే టమాటాలవాళ్లకి ఇచ్చేస్తానన్నాడు, ఆ రోజు నుంచి మేడం మధ్యాహ్నం తినడం మర్చిపోతూ వచ్చింది, నాకది చూడబుద్ధి కాలేదు, అందుకే నవ్విద్దామనుకున్నాను, నిజంగా అంతే, మొదటిసారి అంతే.

మొదటిసారి మంగళవారం, మూడు వారాల కిందట, పొద్దున పదింటికి, నీళ్లూ ఎంజైమూ కలిపిన గడ్డిపిండి రాత్రంతా వెచ్చగా ఊగి ఊగి ట్యూబుల్లో సిద్ధంగా ఉంది, ఒక్కో నంబరుకి మూడేసి ట్యూబులు, ఇక మిషన్లో పెట్టి ఎంత చక్కెర దిగిందో చూడటమే, మిషన్ సరిగ్గా చదువుతుందో లేదో చూసుకోవడానికి పక్కన ఎర్రమూత సీసాలో తెలిసినంత చక్కెర కలిపిన నీళ్లుంటాయి, ఆ ఎర్రమూతది చాలా చిక్కన, రెండు చుక్కలు పడితే మిషన్ వందకి రెండువందల యాభై అని చూపిస్తుంది, అంటే మొక్కలో ఉన్నదానికన్నా మొక్కలోంచి వచ్చింది ఎక్కువ, మేడం అది చూసి కళ్లజోడు తుడుచుకుంటుంది, మళ్లీ చూస్తుంది, నావైపు చూస్తుంది, నేను మొహం రాయిలా పెట్టి, మేడం, ఇది గడ్డి కాదు, మిఠాయి కొట్టు, దీనికి లైసెన్సు తీసుకోవాలి అంటాను, ఆవిడ నవ్వి నా నెత్తిమీద ఫైలుతో కొట్టి క్యాంటీన్‌కి వస్తుంది, అదీ ప్లాను, పదిహేడునే ఎందుకు తీసుకున్నానంటే అది చేతికి దగ్గరగా ఉంది, ప్రపంచంలో పెద్ద పెద్ద పనులన్నీ ఇలాగే జరుగుతాయని నా అనుమానం, మూడు ట్యూబుల్లో రెండేసి చుక్కలు వేశాను, ఒకదాంట్లోనే వేస్తే ఆవిడ దాన్ని తీసి పారేస్తుంది, పని పద్ధతి తెలిసినవాణ్ణి కదా, అయితే ఆ పొద్దునే చిక్కటిది అయిపోవస్తోందని మేడం దాన్ని పదింతలు పలచన చేసి అదే సీసాలో పోసి, సీసా అడుగున పెన్సిల్‌తో పదోవంతు అని రాసుకుంది, సీసా అడుగు ఎవరు చూస్తారు, నేను తర్వాత చూశాను, ముందు మిషన్ అరవై ఒకటి అంది, తర్వాత అరవై ఒకటి, తర్వాత అరవై, నా కోతి చేష్టని పదోవంతుకి తగ్గిస్తే సరిగ్గా ఆవిడ మూడేళ్ల ఆశంత అయ్యింది.

ఆవిడ నవ్వలేదు, స్టూలు మీద మెల్లగా కూర్చుంది, కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది, కనుబొమ్మల్లో పిండి అలాగే ఉంది, కోతీ, నీక్కూడా అరవై ఒకటే కనిపిస్తోందా అంది, అప్పుడు నా నోట్లో మిఠాయి కొట్టు మాట తయారుగా ఉంది, లైసెన్సుతో సహా ఉంది, కానీ ఆ గొంతు విన్నాక మాట ఎటో పోయింది, అవును మేడం అన్నాను, అవునన్నది అబద్ధం కూడా కాదు, నాకు అరవై ఒకటే కనిపిస్తోంది, ఆవిడ లేచి బయటికెళ్లి వరండాలో, ఇదిగో ఇక్కడే, ఈ మంటలార్పే బకెట్ల పక్కనే నిలబడి వాళ్లమ్మకి ఫోన్ చేసింది, అమ్మా, వచ్చింది అంది, అవతల్నుంచి ఏం వచ్చిందే, పార్సిలా అన్నట్టున్నారు, కాదమ్మా, నేను మూడేళ్లుగా చెప్తున్నది అని ఆవిడ ఏడ్చేసింది, తలుపు వెనక నేను సీసా తిప్పి అడుగున పెన్సిల్ రాత చదువుతున్నాను, భోజనాల్లోపు చెప్పేద్దామనుకున్నాను, తర్వాత టీ లోపు, తర్వాత ఆవిడ బస్సెక్కేలోపు, బస్సు ఆ రోజు నా జన్మలో ఎప్పుడూ రానంత టైముకి వచ్చింది.

ఏవోయ్, ఆవిరి రెడీ, నువ్వే రెడీ కాలేదు అని వరండా చివర్నుంచి బాబాయి కేకేశాడు, ఆటోక్లేవ్ చూసుకునే ఆయన్ని అందరం బాబాయే అంటాం, ఆటోక్లేవంటే ప్రెషర్ కుక్కర్‌కి పెదనాన్న, మనిషి వంగకుండా లోపలికి నడిచి వెళ్లొచ్చు, బయటికి మాత్రం రాలేడు, బాబాయి గడియారం చూపించాడు, తలుపేసి మీట తిప్పితే గాని తను తినడానికి వెళ్లలేనని, తనకి కడుపులో పుండుందని, వేళకి తినకపోతే డాక్టరు తనని కాదు నన్ను తిడతాడని చెప్పాడు, చక్రం బాబాయ్ అన్నాను, ఆయన వచ్చి చక్రాన్ని కాలితో ఒక్క తన్ను తన్నాడు, పాపిష్టిది, వెంటనే తిన్నగా నడిచింది, అరగంట తిప్పలు అరనిమిషంలో పోయాయి, బండి ఇప్పుడు తలుపు ముందు ఉంది, లోపల్నుంచి వేడి గాలి వచ్చి గడ్డి ఆకుల్ని వెనక్కి ఊపుతోంది, వెనక్కి వెళ్లాలనుకుంటున్నట్టే ఉంది చూడటానికి, గాలికి అలా ఊగుతుంది ఏదైనా, ముందు వరసలో ఎనిమిదో నంబరు, దీని అంకె యాభై రెండు, నిజమైన యాభై రెండు, ఎవరూ చుక్క వెయ్యని యాభై రెండు, మంగళవారం యాభై రెండు, మళ్లీ చేసినప్పుడూ యాభై రెండు, పైగా కాడ వాలకుండా నిటారుగా నిలబడింది, వేరే ఏ రోజైనా ఈ అంకెకి ఈ భవనం మొత్తం గంతులేసేది, కాని పక్కన అరవై ఒకటి ఉంటే యాభై రెండుని ఎవడు చూస్తాడు, మేడం దీన్ని కూడా ఉంచుదాం సార్ అని ఓసారి అడిగింది, పెద్దాయన మొదటిది ఉండగా రెండోది ఎందుకమ్మా, బల్లలన్నీ పదిహేడో నంబరు పిలకలతో నింపెయ్ అన్నాడు, దీనికి గింజ లేదు, సీసాల్లో దాచిన తల్లిమొక్కలు వేసవిలో బూజు పట్టి పోయాయి, ప్రపంచం మొత్తంలో ఎనిమిదో నంబరు అంటే ఈ ఒక్క కుండీ, ఇంకో పది నిమిషాల్లో ఇది కూర.

పద పద అని బాబాయి బండి అంచు పట్టుకున్నాడు, ఆగు బాబాయ్, బిళ్లలు సరిచూసుకోవాలి, కాగితంలో రాయాలి కదా అన్నాను, ఆయన మూలుగుతూ స్టూలు మీద కూలబడ్డాడు, నేను ఎనిమిది బిళ్ల పీకి చేతిలో పట్టుకున్నాను, అప్పుడొచ్చింది ఆలోచన, ఎంత అందమైన ఆలోచనంటే నా మీద నాకే ముచ్చటేసింది, ఈ కుండీని వెనక్కి తీసుకెళ్లి, దీనికి పదిహేడు బిళ్ల గుచ్చి, ఆ పదిహేడుకి ఎనిమిది బిళ్ల గుచ్చి ఇక్కడికి తెచ్చేస్తే, రెండూ గడ్డే, రెండూ పచ్చనే, వాటి కన్నతల్లి కూడా గుర్తుపట్టలేదు, మంచి మొక్క బతుకుతుంది, దొంగ మొక్క ఉడుకుతుంది, మేడం సంతోషం చెక్కుచెదరదు, వచ్చే నెల కొలిస్తే అరవై ఒకటి బదులు యాభై రెండు వస్తుంది, వాతావరణం మారింది మేడం అనొచ్చు, ఎవరికీ ఏమీ కాదు, నాకు అసలే కాదు, జీవితంలో ఇంత శుభ్రమైన వేళాకోళం నేనెప్పుడూ చెయ్యలేదు, బాధపడేవాళ్లు ఒక్కరు కూడా లేరు, నవ్వేవాళ్లు కూడా లేరు, నవ్వేవాళ్లు లేకపోతే అది వేళాకోళం ఎలా అవుతుంది, బిళ్ల చేతిలో చెమటకి జారుతోంది, ఇది నేనింతకుముందు చేశాను, ఎవరూ నవ్వని పని ఒకటి ఇంతకుముందే చేశాను, ఆ మంగళవారం వారంలోనే, గురువారం.

గురువారం సంగతి నిన్న కూడా చెప్పలేదు నేను, మంగళవారం సంగతి నిన్న చెప్పేశానని మూడు వారాల్లో మొదటిసారి నిద్రపోయాను కూడా, నిన్న మేడం టేపు పట్టుకుని గ్రీన్‌హౌస్ బల్లలు కొలుస్తోంది, పిలకకీ పిలకకీ జానెడు దూరం, మొత్తం మూడువందల అరవై పడతాయి కోతీ అంటోంది, నేను టేపు ఇవతలి కొస పట్టుకుని, మేడం, నిజం చెప్తున్నా, ఆ పదిహేడో నంబరులో చక్కెర నేనే పోశాను అన్నాను, అనేశాను, ఆవిడ తలెత్తి చూసింది, ఒక్క క్షణం, ఆ క్షణం అలా ఉండనిచ్చి ఉంటే ఆవిడకి అర్థమయ్యేదేమో, నేను ఉండనివ్వలేదు, మొహం రాయిలా పెట్టి, అంతకుముందు రోజు సూర్యుణ్ణి వెలిగించింది కూడా నేనే మేడం, అగ్గిపెట్టె దొరక్క ఆలస్యమైంది అన్నాను, ఆవిడ కళ్లజోడు ముక్కు మీదికి జారిపోయేలా నవ్వింది, టేపు వదిలేసింది, అది సర్రున చుట్టుకుపోయి నా వేలికి తగిలి రక్తం వచ్చింది, నేనూ నవ్వాను, హాయిగా, మనస్ఫూర్తిగా, చెప్పాను కదా, వినకపోతే నేనేం చెయ్యను అని ఇంటికెళ్లి రెండు ప్లేట్లు ఎక్కువ తిన్నాను, సూర్యుడి మాట ఎవరు కలపమన్నారు, ఎవరూ అడగలేదు, ఆవిడ నమ్మే లోపలే నమ్మకుండా చేసేశాను, మంగళవారం సంగతైతే అలా చెప్పొచ్చు, గురువారం దాన్ని ఏ సూర్యుడితో కలిపి చెప్పినా నవ్వు రాదు, అందుకే దాని జోలికే పోలేదు.

బాబాయ్, తలుపు వెయ్యకు, నేను రాకుండా వెయ్యకు అన్నాను, ఎనిమిది బిళ్లని తిరిగి దాని కుండీలోనే గుచ్చాను, లోతుగా గుచ్చాను, ఎక్కడికిరా, నా పుండు అని ఆయన వెనక అంటూనే ఉన్నాడు, కాళ్లు వరండాలో పరిగెడుతున్నాయి, నెత్తిలో గురువారం పరిగెడుతోంది, బుధవారం మేడం పెద్దాయనకి చెప్పే ముందు ఇంకోసారి చేసి చూడాలంది, ఈసారి నేను చెయ్యను, నా కళ్లు అరవై కోసం ఆకలిగా ఉన్నాయి, ఆకలి కళ్లు తప్పు చదువుతాయి, నువ్వు చెయ్యి, నీ చేతులు నిలకడగా ఉంటాయి, నువ్వు చేసింది నేను నమ్ముతాను అంది, అందరూ ఆ మాట విన్నారు, టమాటాలవాళ్లు కూడా విన్నారు, నేను కొలిస్తే నమ్ముతానని ఒక మనిషి అన్నది, చిన్నప్పుడు నాకు జ్వరమొచ్చినా థర్మామీటరుని లైటుకి ఆనించాడేమో చూడరా అని అన్నయ్య చేత చూపించిన ఇల్లు మాది, అప్పటికి రెండుసార్లు ఆనించాను, అది నిజమే, బుధవారం సాయంత్రం కాడలు కోసి పొడి చేసి నేనే ట్యూబుల్లో పెట్టాను, గురువారం పొద్దున చెయ్యి వణక్కుండా, శ్వాస కూడా అడిగి పీలుస్తూ, ఒక్క చుక్క ఎక్కువా తక్కువా కాకుండా చేశాను, నా జీవితంలో అంత నిజాయితీగా చేసిన పని ఇంకోటి లేదు, ఎనిమిది యాభై రెండు, మిగతావి నలభై అటూ ఇటూ, పదిహేడు నలభై ఒకటి, నలభై ఒకటి, నలభై, అదీ నిజం, తెర మీద పచ్చ అంకెలు, అవి చూడగానే నాకు తేలికపడింది, హమ్మయ్య, మిషనే చెప్పేసింది, నేను చెప్పక్కర్లేదు, ఇదిగో మేడం మంగళవారంది ఏదో పొరపాటు అంటే చాలు, వరండాలో ఆవిడ చెప్పుల చప్పుడు వినిపించింది, ఎడమ చెప్పు కొంచెం ఈడుస్తుంది ఆవిడ, ఇంకో ఇరవై అడుగులుంటుంది, నా చెయ్యి ఎర్రమూత తీసింది, పదోవంతు అని ఈసారి నాకు తెలుసు, మూడు ట్యూబులకి రెండేసి చుక్కలు, పొరపాటు లేకుండా, నిలకడగా వేసి, మళ్లీ మిషన్లో పెట్టి, ముందటి అంకెలు చెరిపేసి, తలుపు తీసుకుని ఆవిడ వచ్చేసరికి పక్కకి జరిగి నిలబడ్డాను.

ఇప్పుడు మేడం గది తలుపు తీసే ఉంది, ఆవిడ బల్ల దగ్గర ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో ఏదో రాస్తోంది, మధ్యాహ్నం తినడం మళ్లీ మొదలుపెట్టింది ఈ మూడు వారాల్లో, అదొకటి, ఉడికాయా కోతీ అంది తలెత్తకుండా, లేదు మేడం అన్నాను, నిన్న చెప్పింది జోకు కాదు, చక్కెర నేనే వేశాను అన్నాను, ఆవిడ నవ్వబోయింది, సగం నవ్వు మొహం మీద సిద్ధంగా ఉంది, దాన్ని పూర్తి చెయ్యడానికి నేనింకో మాట అంటానేమోనని చూస్తోంది, మాటలు వచ్చాయి, నిజంగా వచ్చాయి, గొంతులో వరసకట్టి నిలబడ్డాయి, చంద్రుడు కూడా ఉన్నాడు వాటిల్లో, నేను పళ్లు బిగించాను, మంగళవారం నవ్వించడానికి వేశాను మేడం, గురువారం కూడా వేశాను, గురువారం అసలు అంకె నలభై ఒకటి, ఎనిమిదో నంబరు ఒక్కటే నిజంగా మంచిది, అది ఇప్పుడు బాబాయి తలుపు ముందుంది అన్నాను, సగం నవ్వు ఎటూ వెళ్లలేక కాసేపు అక్కడే ఉండి మెల్లగా చల్లారింది, మనిషి మొహంలోంచి మూడేళ్లు వెనక్కి పోవడం నేను దగ్గర్నుంచి చూశాను, ఎవరైనా అలా చూడాల్సొస్తే దూరంగా నిలబడమని చెప్తాను.

ముందు ఫోనెత్తింది, బాబాయ్, మీట తిప్పావా, తిప్పొద్దు, బండి వెనక్కి లాగు, ఎనిమిదో నంబరు కుండీని నీడలో పెట్టు, కాసిని నీళ్లు చల్లు, అంతే అంది, గొంతు మామూలుగానే ఉంది, ఫోన్ పెట్టి చెయ్యి తుడుచుకుంది, ఒక్కో వేలూ తుడుచుకుంది, నోట్‌బుక్ తీసింది, ఎన్ని చుక్కలు అంది, రెండేసి అన్నాను, ఎర్రమూతదేనా, అవును మేడం, పలచన చేశాక కదా, అవును, కాగితం మీద తీసివేత వేసింది, నలభై వచ్చింది, దానికింద గీత గీసింది, అరవై ఒకటిని కొట్టేయలేదు, అలాగే ఉంచి పక్కన నలభై అని రాసి తేదీ వేసింది, పెద్దాయనకి నేను చెప్తాను, నువ్వూ రావాలి, నువ్వే చెప్పాలి అంది, సరే అన్నాను, ఇక తిడుతుందనుకున్నాను, తిడితే బావుండు, ఫైలుతో నెత్తిమీద కొట్టినా బావుండు, ఆవిడ కలం మూత పెట్టి నన్ను చూసింది, మంగళవారంది నాకర్థమైంది రా, నువ్వంతే, గురువారం ఎందుకు వేశావ్ అంది.

మీరు ఏడుస్తారని, అని అనబోయాను, మూడు వారాలుగా బస్సులో, స్నానం చేస్తూ, అన్నయ్య గురక వింటూ నాకు నేను చెప్పుకున్నది అదే, మంచిపిల్లాడి జవాబు, వాళ్లమ్మకి చేసిన ఫోను, తినని భోజనాలు, టమాటాలవాళ్లు, అన్నీ దానికి సాక్ష్యం చెప్తాయి, నోరు తెరిచాను కూడా, కానీ ఆ ఇరవై అడుగులు గుర్తొచ్చాయి, ఈడుస్తున్న ఎడమ చెప్పు గుర్తొచ్చింది, మూత తీస్తున్న నా చెయ్యి గుర్తొచ్చింది, అప్పుడు నా నెత్తిలో ఆవిడ ఏడుపు లేదు, ఆవిడే లేదు, వెతికి చూస్తే ఒకటే ఉంది, నలభై ఒకటి చూపిస్తే మంగళవారం ఏం జరిగిందని ఆవిడ అడుగుతుంది, అడిగితే నేను మళ్లీ పాత కోతినవుతాను, నువ్వు చేసింది నమ్ముతాను అన్న ఆ మాట వెనక్కి తీసుకుంటుంది, ఒక్క రోజు, బుధవారం నుంచి గురువారం దాకా, నన్ను నమ్మిన మనిషి ఒకరు ఈ భూమ్మీద ఉన్నారు, అది ఎంత బావుందో ఎవరికీ చెప్పలేదు నేను, దాన్ని పోగొట్టుకోకూడదని ఆ చుక్కలు వేశాను, ఆవిడ నా చేతిలో పెట్టింది ఆ నమ్మకం ఒక్కటే, దాన్ని దాచుకోవడానికి దాన్నే ఖర్చుపెట్టేశాను, ఆవిడ ఇంకా చూస్తోంది, కలం బల్ల మీద ఉంది, నాకోసం మేడం అన్నాను.